ఒకటో తరగతిలో పెద్ద టీచరు

మొదటే చెప్పేస్తున్నాను, నాకు కోపమెక్కువ. మా ఊళ్ళో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు మీసాలు తిప్పుకుంటూ, బిడ్డల్ని భుజాన వేసుకుని తిరుగుతున్నా, దారిలో నేనెదురైతే చేతిలో సిగరెట్టు వెనక్కి దాచేస్తారు. రెండు గదులు, ఒక వరండా, వెనకాల వంటపాక, గట్టిగా లెక్కేస్తే నలభై మంది పిల్లలు, ఇదీ మా బడి. దానికి నేను పెద్ద టీచర్ని. వరండాలో నా గొంతు లేచిందంటే వీధి చివర సైకిళ్ళు బాగుచేసే అతను చేతిలో పానా జారవిడుస్తాడని మా ఆయన ఎగతాళి చేసేవాడు. అలాంటి నాకు మాట పోయింది.

అప్పటికి సెలవులు ఇంకా అయిపోలేదు. బడి తెరిచేలోగా దుమ్ము దులుపుదామని వెళ్ళి, బల్లలు తుడుస్తూ, బకెట్టు తెమ్మని వంటావిడను కేకేయబోయాను. కేక రాలేదు. చేతిలో గుడ్డ కింద పడింది. దాని వెనకే నేనూ పడ్డాను. ఆవిడే నన్ను చూసి, ఊరంతా వినబడేలా అరిచి, దారినపోయే ట్రాక్టరు ఆపి ఎక్కించి ఆస్పత్రికి చేర్చింది. నిజానికి ఆ పూట ఆవిడకు బడిలో పనే లేదు. వంటపాకలో బియ్యం బస్తాలు ఎలుకలు కొట్టాయేమో చూసిపోదామని వచ్చింది. ఆవిడకే కాదు, ఆ ఎలుకలకు కూడా నేను దణ్ణం పెట్టుకోవాలి.

కుడికాలు, కుడిచెయ్యి కొద్ది వారాల్లో దారికొచ్చాయి. నోరు మాత్రం మొండికేసింది. "మాటలు పోలేదమ్మా, అన్నీ లోపలే ఉన్నాయి. బయటికొచ్చే దారి దెబ్బతింది. రోజూ మాట్లాడే ప్రయత్నం చేస్తూ ఉంటే కొత్త దారి పడుతుంది," అన్నాడు డాక్టరు. ఎన్నాళ్ళకని మా ఆయన అడిగితే చెప్పలేనన్నాడు.

ఎవరేమన్నా నాకు శుభ్రంగా అర్థమయ్యేది. లోపల్లోపల గడగడా సమాధానం చెబుతూనే ఉండేదాన్ని. తీరా నోరు తెరిస్తే ఒకదానికి బదులు ఇంకోటి ఊడిపడేది. నీళ్ళు కావాలంటే 'తలుపు' అనేదాన్ని. సుద్దముక్కను 'దువ్వెన' అనేదాన్ని. రాసి చూపిద్దామన్నా అంతే, చేతికీ ఆ తప్పు మాటే వచ్చేది. అది తప్పని నా చెవికి తెలుస్తూనే ఉండేది. అంతకు మించిన శిక్ష ఇంకోటి ఉంటుందా? తప్పు లేకుండా వచ్చేవి రెండే రెండు. ఒకటి ఎక్కాలు. అన్నేళ్ళు పిల్లల చేత వల్లె వేయించినవి కదా, వాటికి దెబ్బ తగల్లేదు. రెండోది తిట్లు. చూడ్డానికి వచ్చిన పక్కింటావిడతో "వచ్చావా అమ్మా, సంతోషం" అందామనుకున్నాను. "గాడిదా!" అని వచ్చింది. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. పోనీ ఆ తిట్లయినా నేను అనుకున్నప్పుడు వస్తాయా అంటే, అదీ లేదు.

మా ఆయన దర్జీ. మా కాపురంలో ఆయన వంతు మాటలు కూడా నేనే మాట్లాడేస్తూ వచ్చాను, ఆయనకూ అది హాయిగానే ఉండేది. నేను మంచాన పడ్డాక వంట ఆయన నెత్తిన పడింది. ఒకరోజు కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. నేను నోరెత్తకుండా తిన్నాను. ఆయన చెయ్యి కంచంలోనే ఉంచి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"తిట్టవే. ఉప్పు లేదని తిట్టు. నువ్వు తిట్టకపోతే ఇల్లు ఇల్లులా లేదు," అన్నాడు.

పాపం, అడిగాడు కదా అని నిండు మనసుతో తిట్టబోయాను. "రెండు రెళ్ళ నాలుగు" అని వచ్చింది. ఇద్దరం ఏడ్చాం, ఆ తరవాత ఇద్దరం నవ్వాం.

బడి తెరిచే ముందు, మండలంలో బడులన్నీ చూసుకునే ఆఫీసరుగారు ఇంటికొచ్చారు. మనిషి మంచాయన. "సెలవు తీసుకోండమ్మా. సంవత్సరం ఆఖర్న నేనే వస్తాను. క్లాసుకు పాఠం చెప్పి చూపించండి. చెప్పగలిగితే మీ బడి మీదే. లేదంటే ఇంటిపట్టున ఉండి విశ్రాంతి తీసుకుందురుగాని," అన్నారు. విశ్రాంతి అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు పిల్లల్లేరు. ఆ రెండు గదులే నా సంసారం. అది కాస్తా పోయాక ఏం విశ్రాంతి, ఎందుకు విశ్రాంతి?

మా బడిలో ఇంకో టీచరున్నాడు. అందరూ చిన్నసారు అంటారు. ఒక్కచోట కుదురుగా నిలబడి పాఠం చెప్పే రకం కాదు. పిల్లల్ని వెనక పెరట్లోకి తోలుకుపోయి మట్టి తవ్విస్తాడు, సీసా కోసి వాన కొలవమంటాడు. "ఏమయ్యా, టీచరుద్యోగానికి వచ్చావా, తోటమాలి ఉద్యోగానికా?" అని నేను ఆటపట్టిస్తే, తల గోక్కుని నవ్వేసి మళ్ళీ అదే పని చేసేవాడు. ఆ అబ్బాయి ఒక సాయంత్రం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్, కోప్పడనంటే ఒక మాట."

నేను కళ్ళెర్రజేశాను. కోప్పడతానో లేదో ముందే ఎలా చెప్పను?

"ఒకటో తరగతిలో రెండో బెంచీలో ఒక చోటు ఖాళీగా ఉంది. వాళ్ళు ఇప్పుడే మాటలు, అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెడతారు. మీరూ... వాళ్ళతోపాటు..."

మిగతాది మింగేశాడు. నేను ఒంటికాలి మీద లేచాను. నన్నా? బడికి పెద్దని, ఒకటో తరగతిలో కూర్చోమంటావా? నీకు కళ్ళు నెత్తికెక్కాయా? అని అడగబోతే "ఏడు మూళ్ళ ఇరవై ఒకటి! ఏడు నాలుగుల ఇరవై ఎనిమిది!" అంటూ ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. చిన్నసారు బుద్ధిగా చేతులు కట్టుకుని ఎక్కం పూర్తయ్యేదాకా విన్నాడు. "రేపు తొమ్మిదికి మేడమ్," అని చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయన లోపల కుట్టుమిషను మీద తల వాల్చి నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి మరీ ఉడుక్కుని, మర్నాడు తొమ్మిదికి వెళ్ళాను.

రెండో బెంచీలో నా పక్కన కూర్చున్న పిల్లను బడంతా బొంగరం అంటుంది. ఒక్క క్షణం ఒకచోట ఆగదు. మా ఊరి వడ్రంగి కూతురు. నా మోకాళ్ళు బల్లకింద పట్టక నేను అవస్థ పడుతుంటే కాసేపు వింతగా చూసింది.

"మీరు ఫెయిలయ్యారా మేడమ్?" అంది.

అవునని తలూపాను. "పర్లేదులే, నేను చెబుతాను," అంటూ తన పలక సగం నా వైపు జరిపింది. నాకు ఎన్ని సన్మానాలు జరిగాయోగానీ, ఆ పలక సగం నా ముందుకు వచ్చినప్పుడు కలిగినంత ఊరట ఎప్పుడూ కలగలేదు.

ఆ ఏడాది మా బడిలో చేసినన్ని పనులు ఏ ఏడూ చేయలేదు. వానలు మొదలవగానే పెరట్లో చిక్కుడు, టమాటా విత్తనాలు వేశాం. ఒక్కో మొక్కకు ఒక్కో పిల్లో పిల్లాడో కాపలా. నాకూ ఒక టమాటా మొక్క ఇచ్చారు. అది అందరి మొక్కల కంటే పీలగా లేచింది, బొంగరం రోజూ దాని దగ్గర కూర్చుని, "మా మేడమ్ పరువు తీయకు," అని బతిమాలేది. ప్రహరీ మీద కోసిన సీసా పెట్టి, వాన పడిన ప్రతి రోజూ ఎంత పడిందో సీసా మీది గీతలు చూసి తరగతి గోడ మీద రంగు సుద్దతో గీసేవాళ్ళు. శుక్రవారం మధ్యాహ్నం ఊళ్ళోవాళ్ళు ఒకరొచ్చి తమ పని చేసి చూపించాలన్నది చిన్నసారు పెట్టిన పద్ధతి. వడ్రంగి వచ్చి రంపం పట్టుకోవడం నేర్పాడు. ఉత్తరాలు పంచే ఆమె వచ్చి ఒక కవరు ఎన్ని చేతులు మారుతుందో చెప్పింది. వంటావిడ ఉల్లిపాయ కోస్తే కళ్ళు ఎందుకు మండుతాయో అడిగించుకుని, తెలియదని ఒప్పుకుని, పిల్లలతోపాటు తానూ చిన్నసారు చెప్పింది వింది.

ఒక శుక్రవారం మా ఆయన వంతు వచ్చింది. నలుగురి ముందు నోరు విప్పని మనిషి. పొద్దున్నుంచి అన్నం సహించలేదు. తీరా పిల్లల ముందు నిలబడి గుండీ కుట్టడం చూపిస్తూ, గొంతు వణుకుతున్నా సరే, దారం ఎందుకు ముడేయాలో, సూది ఎటునుంచి గుచ్చాలో, అన్నీ చెప్పాడు. చివరికి ఒక జోకు కూడా వేశాడు. ఇంత మాట్లాడగలిగిన మనిషితో నేను ఇన్నేళ్ళు కాపురం చేస్తున్నానని నాకే తెలియదు. రెండో బెంచీలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఇక అసలు సంగతికొస్తాను. పిల్లలు నన్ను నెత్తిన పెట్టుకున్నారు, అదే కొంప ముంచింది.

నేను నీళ్ళను 'తలుపు' అంటున్నానని వాళ్ళు రెండు మూడు రోజుల్లోనే పట్టేశారు. నేను 'తలుపు' అనగానే ఎవరో ఒకరు పరిగెత్తుకెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చేవాళ్ళు. 'దువ్వెన' అంటే సుద్దముక్క. బడిగంటను నేను ఒకసారి 'గుమ్మడికాయ' అన్నాను, అంతే, ఆ రోజు నుంచి అది గుమ్మడికాయే. అక్కడితో ఆగలేదు. మేడమ్ ఒక్కరే అలా అంటే మేడమ్‌కు చిన్నతనంగా ఉంటుందట, అందుకని అందరూ అలాగే అనాలని బొంగరం ఒక తీర్మానం చేసింది. బడిలో పిల్లలంతా ఒప్పేసుకున్నారు. "తలుపు తాగొస్తాను సార్." "నా దువ్వెన విరిగిపోయింది సార్." సాయంత్రం కాగానే, "గుమ్మడికాయ కొట్టేశారు, పదండి ఇంటికి!" వంటావిడ కూడా మొదట్లో ముక్కున వేలేసుకుని, తరవాత, "ఎసట్లోకి రెండు చెంబులు తలుపు పట్రండి," అనడం మొదలెట్టింది. నాకు ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. నా మాట చెల్లే ఊరు ఒకటుంది కదా అనిపించేది. వానకాలమంతా రాజాలా గడిపాను. ఒక్క కొత్త మాట నేర్వలేదు.

ఒకనాడు వడ్రంగి బడికొచ్చాడు. మొహంలో కోపమో నవ్వో తెలియడం లేదు.

"ఏంటి సారూ ఇది? నిన్న మా పిల్ల ఆటలాడి ఇంటికొచ్చి, 'అమ్మా, దాహం, తలుపియ్యి,' అంది. నీళ్ళే అంటే వినదే! తలుపే కావాలంట. నేను చేసేదే తలుపులాయె, నా పొట్ట మీద కొట్టేలా తాగేస్తానంటే ఎట్టా?"

చిన్నసారు నవ్వలేదు. ఆ మధ్యాహ్నం పిల్లలకు మామూలు బొమ్మల కార్డులు చూపిస్తూ పేర్లడిగాడు. గంట బొమ్మ చూపిస్తే ఒకటో తరగతి మొత్తం 'గుమ్మడికాయ' అని ఏకగ్రీవంగా అరిచింది. నేనూ వాళ్ళతో కలిసి అరిచాను. అతను కార్డులు పక్కన పెట్టేశాడు. ఆ వారం పనిగట్టుకుని ఆస్పత్రికెళ్ళి డాక్టరుతో మాట్లాడొచ్చాడు. వచ్చి, నన్ను కూడా కూర్చోబెట్టుకుని, పిల్లలకు చెప్పాడు.

"మీరు మేడమ్‌కు చాలా సాయం చేస్తున్నారు. కానీ మీకు ఇట్టే అర్థమైపోతుంటే మేడమ్‌కు అసలు మాట వెతుక్కునే పనే లేదు. ఇవాళ్టి నుంచి ఎవరూ ఆవిడ మాటలు వాడకూడదు. ఆవిడ వేరే మాటన్నా, చేత్తో చూపించినా, అర్థం కానట్టే ఉండాలి. అందించకూడదు. ఆగాలి, అంతే."

"ఎంతసేపు సార్?" అడిగింది బొంగరం.

"వచ్చేదాకా."

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. మర్నాడు మధ్యాహ్నం గొంతు ఎండిపోతోంది. ఆ వారం నీళ్ళు పోసే వంతు బొంగరానిది. జగ్గు రెండు చేతులా పట్టుకుని నా ముందు నిలబడింది. గ్లాసు చాపాను. "తలుపు," అన్నాను. పోయలేదు. గ్లాసు బల్ల మీద టకటక కొట్టాను. "తలుపు! తలుపు!" దాని పెదవులు వణుకుతున్నాయి, కళ్ళు నిండిపోయాయి. జగ్గు మాత్రం వంచలేదు. "గాడిదా!" అని అరిచి, గ్లాసు విసిరికొట్టి, ఇంటికొచ్చేశాను. వెనక బొంగరం వెక్కివెక్కి ఏడవడం గేటు దాటేదాకా వినిపించింది.

ఇక బడి గడప తొక్కకూడదనుకున్నాను. పొద్దున్నే లేచి పడక్కుర్చీలో కూర్చునేదాన్ని. మా ఆయన నా కళ్ళు చూసి దుప్పటి తెచ్చేవాడు, నా చెయ్యి కదిలితే కిటికీ మూసేవాడు. చిన్నసారు రెండుసార్లు వచ్చి, వాకిట్లో కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. నేను తల తిప్పలేదు. అలా ఎన్నో రోజులు గడిచాయి. చలి పడింది.

ఒక పొద్దున మా ఆయన నా పక్కన గ్లాసుతో నీళ్ళు పెట్టాడు. నేను అడగలేదు. కనీసం అటు చూడనైనా లేదు. నాకు దాహం వేయబోతోందని నాకంటే ముందు ఆయనకే తెలిసిపోయింది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాను, తాగకుండా మళ్ళీ కింద పెట్టేశాను. ఈ ఇంట్లో ఇక నాకు ఏ మాటతోనూ పనిలేదు. చచ్చేదాకా ఒక్క మాట అనకపోయినా నాకు అన్నీ అమరిపోతాయి. నాకు భయమేసింది. ఆస్పత్రిలో కూడా అంత భయపడలేదు. ఆయన మీద కోపం కాదు, అంత ప్రేమ ఎంతమందికి దొరుకుతుంది? కానీ నేను బతకాలంటే నన్ను దాహంతో కూర్చోబెట్టేవాళ్ళే కావాలి. చెప్పులేసుకుని బయల్దేరాను.

బడిలో అందరూ ఎవరి చోట వాళ్ళు ఉన్నారు. రెండో బెంచీలో నా సగం అలాగే ఖాళీగా ఉంది. బొంగరం నన్ను చూసి చటుక్కున లేచి, ఏదో అనబోయి, రెండు చేతులతో తన నోరు తానే మూసుకుంది. నేను వెళ్ళి కూర్చుని, నా గ్లాసు దాని ముందుకు జరిపాను. అది జగ్గు తెచ్చి నిలబడింది. నేను కళ్ళు మూసుకున్నాను. తలుపు అని నాలుక చివరికి వచ్చింది, పళ్ళు బిగబట్టి వెనక్కి నెట్టాను. దువ్వెన వచ్చింది. అదీ నెట్టాను. పిల్లలు కదల్లేదు, మెదల్లేదు. నాకు చెమటలు పట్టాయి. ఎంతసేపైందో నేను చెప్పలేను.

"నీ..." అన్నాను. "నీ... ళ్ళు."

బొంగరం గ్లాసులో పోసింది. గ్లాసు నిండింది, పొంగింది, బల్ల తడిసింది, నా చీర తడిసింది, అది ఇంకా పోస్తూనే ఉంది. బడి బడంతా అరిచిన అరుపుకు వంటావిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. చిన్నసారు బోర్డు వైపు తిరిగి ఏదో తుడుస్తున్నట్టు నటించాడు. బోర్డు మీద ఏమీ లేదు.

అప్పటి నుంచి రోజుకో యుద్ధం. ఒక్కో మాటనూ గొయ్యి తవ్వి పైకి లాగినట్టు లాగాను. కొన్ని వచ్చేవి, కొన్ని వచ్చి మళ్ళీ పోయేవి. ఆగడం ఆ వయసు పిల్లలకు ఎంత కష్టమో నాకు తెలుసు, ఒకటో తరగతి వాళ్ళ చేత ఆగించడానికి నేను గొంతు చించుకున్న రోజులున్నాయి. ఇప్పుడు వాళ్ళే అరచేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, నా నోటికేసి చూస్తూ ఆగేవాళ్ళు. వీధిలో కూడా అంతే. సైకిళ్ళ అతను నన్ను పలకరించి, పానా కింద పెట్టి, నేను బదులు చెప్పేదాకా నిలబడేవాడు. మా ఆయన కిటికీ మూయడం మానేశాడు. "నోటితో చెప్పు, అప్పుడు మూస్తాను," అనేవాడు, ఎంత గొంతొచ్చిందో మనిషికి! ఊరు ఊరంతా నా కోసం తన పనులు ఆపుకుంది. ఆ ఏడాది నేను తిన్న అన్నంలో ప్రతి మెతుకు మీదా వాళ్ళ ఓర్పు ఉంది.

ఎండలు ముదిరాక ఆఫీసరుగారు వచ్చారు. ముందు రాత్రంతా నాకు నిద్ర లేదు. ఒకటో తరగతి వాళ్ళకే పాఠం, వాన ఎలా కురుస్తుందో చెప్పాలి. ఏడాది పొడుగునా వాళ్ళు గోడ మీద గీసిన వాన గీతల పక్కన నిలబడ్డాను. ఆయన వెనక బెంచీలో కూర్చున్నారు. చిన్నసారు గుమ్మం దగ్గర గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"నీళ్ళు," అని మొదలుపెట్టాను. "ఎండ. ఎండకు... నీళ్ళు... పైకి." అంతవరకు బాగానే నడిచింది. పైన ఏముందో చెప్పాలి. రాలేదు. కిటికీలోంచి చూస్తే ఆకాశంలో కూడా ఒక్కటి లేదు, చూపిద్దామన్నా. పిల్లలు అరచేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. ఆఫీసరుగారికి నా మీద జాలేసింది.

"మబ్బులమ్మా, మబ్బు..." అన్నారు మెల్లగా.

బొంగరం బెంచీ మీద నుంచి లేచి నిలబడింది. "సార్! అందించకండి సార్! మా మేడమ్‌కు వచ్చు. ఆగాలి."

చిన్నసారు మొహం తెల్లబోయింది. ఆఫీసరుగారు ఒక్క క్షణం దాన్ని చూసి, "సరేనమ్మా, తప్పయింది," అని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు, అచ్చం వాళ్ళలాగే.

ఆయన అందించిన మాట తీసుకోవడం నాకు ఇష్టం లేదు. అది ఆయన మాట. నాది నాకు కావాలి. ఆగాను. అందరూ ఆగారు.

"పైన," అన్నాను చివరికి, "ఏమవుతుంది?"

బొంగరం పక్కనున్నవాడు చెప్పాడు. "ఎలా?" అన్నాను. ఇంకో పిల్ల చెప్పింది. "ఎందుకు?" అన్నాను. ఒకడు తప్పు చెప్పాడు, నేను తల అడ్డంగా ఊపి ఆగాను, వాడే దిద్దుకున్నాడు. ఆ గోడ మీది గీతలు చూపించి, ఏ నెలలో ఎక్కువ వాన, మన చిక్కుడు ఎప్పుడు కాసింది, అన్నీ వాళ్ళ చేతే చెప్పించాను. నా నోటి నుంచి వచ్చినవి గట్టిగా పది మాటలుంటాయి. పాఠం మధ్యలో ఎక్కడో, నేను వెతకని సమయంలో, "మబ్బు," అని నా అంతట నాకే వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను గుడ్లురిమాను, పాఠం మధ్యలో చప్పట్లేమిటి?

అయిపోయాక ఆఫీసరుగారు పిల్లల ముందే నన్నడిగారు. దాచిపెట్టి అడగనందుకు ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

"అమ్మా, పాఠం బాగుంది. నేను రాయాల్సింది రాస్తాను. ముందు మీరు చెప్పండి. ఈ బడిని మీరు నడపగలరా?"

నడపగలనంటే చాలు. ఆ ఒక్క మాటా ఆ పూట నా నాలుక మీద సిద్ధంగానే ఉంది, విచిత్రంగా దానికి ఏ అడ్డమూ లేదు. ఈ గదులు, ఈ వరండా, ఈ బెంచీలు, అన్నీ ఆ ఒక్క మాట మీద ఉన్నాయి. రెండో బెంచీ వైపు చూశాను. నిజం తప్ప ఇంకోటి వాళ్ళ ముందు అనలేకపోయాను.

"నడపలేను," అన్నాను. "ఒక్కదాన్ని... నడపలేను." ఆయన కలం తీశారు. నేను చెయ్యెత్తి ఆపాను. ఇంకా అయిపోలేదు. ఆయన ఆగారు. "వీళ్ళు... ఆగుతారు. ఆగితే... చెబుతాను."

ఆయన కాగితం మీదికి వంగి రాశారు. రాశాక పైకే చదివారు. బడి బాధ్యత చిన్నసారుకు. పెద్ద టీచరు ఒక తరగతికి మాత్రం పాఠం చెప్పాలి, ఏ తరగతో ఆవిడ ఇష్టం. నా కుర్చీ పోయింది. నాకు అప్పుడు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ ఆ బాధకంటే ముందు ఊపిరాడింది. చిన్నసారు నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే "గాడిదా" అన్నాను. అది పొరపాటున వచ్చింది కాదు.

ఇది చదివి, ఇంత వాగుడు వాగుతోంది, ఈవిడకు మాట పోవడమేంటి అనుకునేరు. నోటితో ఇప్పటికీ నేను నెమ్మదే. ఇదంతా చేత్తో, కొట్టేసుకుంటూ, దిద్దుకుంటూ రాసింది. రాసినంతసేపు మా ఆయన లాంతరు పట్టుకున్నట్టు పక్కనే కూర్చున్నాడు, ఒక్క మాటా అందించకుండా.

ఆ రోజు ఆఫీసరుగారు వెళ్ళిపోయాక పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు. బొంగరం సర్దుకోలేదు. బెంచీ మీద నా పక్కనే కూర్చుని, ముఖం దించుకుని, వేలితో బల్ల గీకుతోంది.

"మేడమ్, నేను పాసైతే రెండో తరగతికి వెళ్ళిపోతాను కదా," అంది. "మీరు మళ్ళీ ఫెయిలయ్యారా?"

దాని తల నిమిరాను. చెప్పాల్సిన మాట ఎక్కడుందో వెతుక్కున్నాను. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆగింది.

"పాస్," అన్నాను. "నీతో... రెండుకే."